సొంతంగా చరిత్ర పుస్తకాలు వేసుకుంటున్న మన సరిహద్దు రచయితలకు బహిరంగ లేఖ

ఒడిశాలోని గజపతి, గంజాం, రాయగడ, కొరాపుట్ జిల్లాల్లో ఉంటూ, సొంత డబ్బు పెట్టి చరిత్ర పుస్తకాలూ చారిత్రక నవలలూ అచ్చు వేయించుకుంటున్న తెలుగు రచయితలందరికీ నమస్కారం.

మీ పుస్తకాలు నేను కొని చదువుతాను. నేనూ మీలాగే ప్రెస్సు చుట్టూ తిరిగి, ప్రూఫులు దిద్దుకుని, ఫారానికి ఇంత అని లెక్క కట్టుకుని పుస్తకం వేసుకున్నదాన్ని. కాబట్టి ఈ ఉత్తరాన్ని మీ ఇంటి మనిషి రాసినదిగా చదవమని మనవి.

మన పుస్తకాలకు ప్రచారం ఎలా జరుగుతోందో అందరికీ తెలిసిందే. ఒక ఆవిష్కరణ సభ, నలుగురు వక్తలు, శాలువాలు, మర్నాడు పేపర్లో ఫొటో. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపుల్లో ముఖచిత్రం, దాని కింద డబ్బు పంపాల్సిన నంబరు. సభకు వచ్చినవాళ్ళకీ చుట్టాలకీ ఉచితంగా ఇచ్చినవి పోగా మిగిలిన కట్టలు ఇంట్లోనే ఉండిపోతాయి. విజయవాడ, హైదరాబాద్ షాపులకు పంపాలంటే కమీషన్, రవాణా, అమ్ముడుపోనివి తిరిగి రావడం, అదంతా ఒక టెన్షన్. పెద్ద ప్రచురణ సంస్థ అండ లేని రచయిత ఇంతకంటే ఏం చేయగలడు అని మీరు అడగవచ్చు. నిజమే. మన దగ్గర డబ్బు లేదు, మనుషులు లేరు. అయితే చరిత్ర రాసేవాళ్ళకి ఇంకొకటి ఉంటుంది: ఆధారం. ఒక శాసనం, ఒక దస్తావేజు, ఒక ముసలమ్మ చెప్పిన మాట. చరిత్ర మీద నిలబడే పుస్తకానికి అసలైన ప్రచారం ఆ ఆధారాన్ని పదిమందికీ చేరవేయడమేనని నా నమ్మకం. దాన్ని మనం పుస్తకంలోనూ పెట్టడం లేదు, సభలోనూ చెప్పడం లేదు. నా బాధంతా అదే.

ఇది మన ప్రాంతంలో ఎందుకంత ముఖ్యమో చెబుతాను. 1936 ఏప్రిల్ 1న ఒడిశా వేరే రాష్ట్రంగా ఏర్పడేవరకు మన ఊళ్ళన్నీ మద్రాసు ప్రెసిడెన్సీలోనివి. ఇప్పటి కొరాపుట్, రాయగడ ప్రాంతం అప్పటి విశాఖపట్నం జిల్లాలో ఉండేది. బరంపురం, పర్లాకిమిడి, టెక్కలి, శ్రీకాకుళం అన్నీ గంజాం జిల్లా. ఆ రోజుతో గంజాం చీలిపోయింది. బరంపురం, పర్లాకిమిడి ఒడిశాలోకి వచ్చాయి. శ్రీకాకుళం, టెక్కలి మద్రాసులోనే ఉండి విశాఖపట్నం జిల్లాలో కలిశాయి. 1950లో శ్రీకాకుళం విడి జిల్లా అయింది. పర్లాకిమిడి ఎస్టేటు కూడా రెండు ముక్కలైంది. కోట, ఊరు ఇటు వచ్చాయి, పాతపట్నం వైపు గ్రామాలు అటు ఉండిపోయాయి. 1992లో గంజాం నుంచి గజపతి, కొరాపుట్ నుంచి రాయగడ విడిపోయాయి.

అంటే టెక్కలి దగ్గర ఒక చెరువు తగాదా గురించి వెతకాలంటే 1936కి ముందువి గంజాం కాగితాల్లో, తర్వాతివి విశాఖపట్నం కాగితాల్లో, 1950 తర్వాతివి శ్రీకాకుళం కాగితాల్లో చూడాలి. చెన్నై ఎగ్మూరులో తమిళనాడు ఆర్కైవ్స్, భువనేశ్వర్‌లో ఒడిశా ఆర్కైవ్స్, రెండింటికీ తిరగాల్సిన ప్రాంతం మనది. ఇంత కష్టపడి మీలో ఒకరు ఒక దస్త్రం పట్టుకుంటారు. దాని నంబరు, సంవత్సరం, ఎక్కడ ఉందో పుస్తకంలో వేయరు. "రికార్డుల ప్రకారం" అని ఒక్క మాట రాసి ముందుకు వెళ్ళిపోతారు. అయ్యా, ఆ రికార్డు ఏదో చెప్పండి. మీ తర్వాత అదే దారిన వచ్చే కుర్రాడు మళ్ళీ మొదటి నుంచి వెతుక్కోవాలా? పేజీ కింద ఒక్క వరుసకు అచ్చు ఖర్చు ఏమీ పెరగదు. ఆ ఒక్క వరుస కోసమే మీ పుస్తకాన్ని ఇరవై ఏళ్ళ తర్వాత కూడా వెతుక్కుని కొనేవాళ్ళు ఉంటారు.

శాసనాల సంగతీ అంతే. ముఖలింగం, శ్రీకూర్మం శాసనాలు 1925లో వచ్చిన "సౌత్ ఇండియన్ ఇన్‌స్క్రిప్షన్స్" అయిదో సంపుటంలో ఉన్నాయి. వరుస నంబర్లతో ఉన్నాయి. కళింగను ఏలిన తూర్పు గాంగ రాజుల గురించి రాసేవాళ్ళు నంబరు వేసి, ఆ వాక్యాన్ని ఉన్నదున్నట్టు ఇచ్చి, తర్వాత తమ అర్థం చెబితే చాలు, చదివేవాడు తనే పోల్చి చూసుకుంటాడు. దానికి బదులు మనం ఏం చేస్తున్నాం? అనంతవర్మ చోడగంగదేవుడు మావాడంటే మావాడని ముఖచిత్రాల మీద పోట్లాడుకుంటున్నాం. కళింగనగరం, అంటే మన ముఖలింగం, ఆయన వంశానికి రాజధాని. పూరీ జగన్నాథుడి గుడి కట్టడం మొదలుపెట్టిందీ ఆయనే. అటు ఓఢ్రం, ఇటు ఆంధ్రం రెండూ ఏలిన రాజును ఇప్పటి చెక్‌పోస్టుకు ఇవతలివాడా అవతలివాడా అని అడిగితే శాసనం ఏం జవాబు చెబుతుంది?

1936 గురించి రాసిన పుస్తకాల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాలి. మనవాళ్ళు ఎక్కువగా రాసేదీ, ఎక్కువ ఆవేశంగా అమ్మేదీ ఆ ఏడాదినే.

గిడుగు రామమూర్తి పంతులుగారు 1880 నుంచి పర్లాకిమిడిలో బడి పంతులు. సవర గిరిజనుల మధ్య తిరిగి, వాళ్ళ దగ్గరే మాట నేర్చుకుని, వాళ్ళ పిల్లలకు వాళ్ళ భాషలో పుస్తకాలు రాశారు. ఆయన సవర వ్యాకరణాన్ని 1931లో మద్రాసు ప్రభుత్వం అచ్చు వేసింది. ముఖలింగం శాసనాలు చదవడానికి పాత లిపులు తనంతట తానే నేర్చుకున్నారు. వాడుక భాష కోసం 1919లో "తెలుగు" అనే పత్రిక నడిపారు. పర్లాకిమిడి ఒడిశాలో కలవడం ఆయనకు ఇష్టం లేదు. 1936లో, అన్నేళ్ళు బతికిన ఊరిని వదిలి రాజమహేంద్రవరం వెళ్ళిపోయారు. 1940 జనవరిలో చనిపోయారు. ఇది రాస్తుంటే ఇప్పటికీ నా గుండె బరువెక్కుతుంది.

అదే ఊళ్ళో అదే రోజుల్లో కృష్ణచంద్ర గజపతి ఉన్నారు. పర్లాకిమిడి రాజావారు. లండన్ రౌండ్ టేబుల్ సమావేశానికి వెళ్ళి ఒడియా వాళ్ళకు వేరే రాష్ట్రం కావాలని వాదించిన మనిషి. 1937లో ఒడిశాకు మొదటి ప్రధాని, అంటే ఇప్పటి మాటలో ముఖ్యమంత్రి. బరంపురం మెడికల్ కాలేజీకి ఆయన పేరే. ఒడియా వాళ్ళ వైపు నుంచి చూస్తే అది మూడు దశాబ్దాలకు పైబడిన పోరాటం. 1903లో వాళ్ళ సంఘం ఉత్కళ సమ్మిళని మొదటి సభ జరిగింది. మద్రాసులో, బెంగాల్లో, మధ్య పరగణాల్లో ముక్కలుగా పడి ఉండి, ఎక్కడికక్కడ మైనారిటీగా తమ భాష పోతుందేమోనని భయపడ్డవాళ్ళు వాళ్ళు. ఆ భయం ఎలాంటిదో ఇప్పుడు మనకంటే బాగా ఎవరికి తెలుస్తుంది?

మన పుస్తకాల్లో మొదటి మనిషి ఉంటాడు, రెండో మనిషి ప్రతినాయకుడిగా తప్ప ఉండడు. ఒడియాలో వచ్చే పుస్తకాల్లో రెండో మనిషి ఉంటాడు, మొదటి మనిషి ఉండడు. ఒకే ఊరి గురించి రాసిన రెండు పుస్తకాలు ఒకదాన్నొకటి గుర్తుపట్టవు. సొంతంగా రాసే మనకే దీన్ని సరిచేసే వీలుంది. ఏ ప్రభుత్వానికీ, ఏ పార్టీకీ మనం జవాబుదారీ కాదు. సరిహద్దు విషయంలో 1932లో ఓడొనెల్ కమిటీ ఇచ్చిన నివేదిక ఉంది. అందులో ఎవరు ఏం వాదించారో చదివి, మనకు నచ్చనిది కూడా చేర్చి రాస్తే ఆ పుస్తకం బరంపురంలో ఒడియా ప్రొఫెసరు చేతిలోనూ నిలబడుతుంది. "దాచిపెట్టిన చరిత్ర", "తెలుగువారికి జరిగిన ద్రోహం" అని వెనక అట్ట మీద వేస్తే ఆవిష్కరణ నాడు చప్పట్లు వస్తాయి. ఆ మాట చూసి పుస్తకం తెరవకుండానే పక్కన పెట్టేవాళ్ళు మన పక్కింట్లోనే ఉంటారు. వాళ్ళతోనే మనం రేపు సంతలో కూరగాయలు కొనాలి, వాళ్ళ పిల్లలతోనే మన పిల్లలు చదవాలి.

నవలలు రాసేవాళ్ళకు విడిగా ఒక మాట. చారిత్రక నవలలో కల్పన తప్పు కాదు, అది మీ హక్కు. జమీందారుకు ఒక ప్రేమకథ పెట్టండి, మందస కొండల్లో లేని ఊరిని పుట్టించండి. కాని చివర రెండు పేజీలు వేయండి: ఈ పాత్ర నిజం, ఈ పాత్ర కల్పితం, ఈ సంఘటన ఫలానా చోట చదివాను, ఈ తేదీ కథ కోసం జరిపాను అని. అలా చెబితే కథ రక్తి తగ్గిపోతుందని కొందరి భయం. చదివేవాళ్ళను అంత తక్కువగా అనుకోకండి. నవల ముగించాక ఆ రెండు పేజీలనే ఆత్రంగా చదివేవాళ్ళను నేను చూశాను. అవి లేకపోతే ఏమవుతోందో కూడా చూస్తున్నాం. నవలలోని సంభాషణను ఎవరో ఫొటో తీసి గ్రూపులో పెడతారు, ఇంకెవరో దాన్ని రాజుగారు నిజంగా అన్న మాటగా ఉపన్యాసంలో చెబుతారు, మూడేళ్ళకు అది ఇంకో చరిత్ర పుస్తకంలోకి ఎక్కుతుంది. ఆ తప్పుకు మొదలు మన పుస్తకం కాకూడదు.

పెద్దవాళ్ళు చెప్పిన మాటల గురించి ఇంకా గట్టిగా చెప్పాలనిపిస్తోంది. గోపాలపురం రేవులో ఓడెక్కి రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్ళినవాళ్ళ కుటుంబాలు మన జిల్లాల్లో ఎన్నో ఉన్నాయి. బియ్యం మిల్లుల్లో, రేవుల్లో కూలి చేశారు. 1942లో జపాన్ సైన్యం బర్మాలోకి వచ్చినప్పుడు లక్షల మంది భారతీయులు అక్కడి నుంచి పారిపోయి వచ్చారు, ఎంతోమంది అడవుల్లోంచి నడిచి వచ్చారు. ఆ నడక చిన్నపిల్లలుగా చూసినవాళ్ళకు ఇప్పుడు తొంభై ఏళ్ళ పైమాటే. వాళ్ళ కొడుకులు, కోడళ్ళు విన్నది చెప్పగలరు, అదీ ఇంకొన్నేళ్ళే. ఇది ఏ ఆర్కైవ్స్‌లోనూ పూర్తిగా దొరకదు. అలాగే నౌపడా నుంచి పర్లాకిమిడికి 1900లో వచ్చిన చిన్న రైలు. అప్పటి పర్లాకిమిడి రాజావారు వేయించిన ఆ బుల్లి లైను మీద పనిచేసినవాళ్ళ కుటుంబాలున్నాయి. అలాగే బరంపురం పట్టు నేసే దేవాంగుల వీధులు.

వీళ్ళ దగ్గరికి వెళ్ళినప్పుడు చెప్పినవాళ్ళ పేరు, ఊరు, వయసు, మాట్లాడిన తేదీ రాసుకోండి. పేరు వేయవచ్చా అని అడగండి, వద్దంటే మానేయండి. ఫోన్లో రికార్డు చేస్తే ఆ ఫైలు ఇంకో ఇద్దరి దగ్గర కూడా ఉంచండి. పుస్తకంలో మీరు అర పేజీ వాడుకున్నా, ఆ గంట మాటలు ఇంకో రచయితకు ఇంకో పుస్తకం. మనలో మనకు పోటీ ఎందుకు? నా మెటీరియల్ ఎవరో ఎత్తుకుపోతారని దాచుకున్న నోట్సులు మనిషి పోయాక పాత పేపర్లవాడికి వెళ్ళిపోతున్నాయి. అలాంటి ఇల్లు మీ ఊళ్ళో కూడా ఒకటి ఉండే ఉంటుంది.

ఇక ఎవరు చదువుతారు అనే ప్రశ్న. సూటిగా చెప్పుకుందాం. బరంపురంలో, రాయగడలో మన పిల్లల్లో చాలామంది ఇంట్లో తెలుగు మాట్లాడతారు, బడిలో ఒడియా, ఇంగ్లీషు చదువుతారు. తెలుగు మాట వచ్చు, తెలుగు అక్షరం రాదు. మాతృభాషలో ప్రాథమిక విద్యకు ఏర్పాట్లు చేయాలని రాజ్యాంగంలో 350ఎ అధికరణం ఉంది. దానికోసం అడగాల్సిందే, అడుగుతూనే ఉందాం. అయితే మీ పుస్తకంలోని తాతల కథ ఎవరి గురించో ఆ మనవళ్ళే దాన్ని చదవలేని స్థితి ఈరోజు ఉంది. ఆంధ్రలో పుస్తక ప్రదర్శనకు వెళ్ళి నాలుగు ప్రతులు అమ్ముకుని రావడం సంతోషమే, కాని ఈ పిల్లల మాటేమిటి?

రెండు పనులు చేయవచ్చు. ఒకటి, ముఖ్యమైన అధ్యాయాలను మీ గొంతుతోనే చదివి రికార్డు చేసి పంచండి. ఖర్చు లేదు. మన యాసలో, మన ఊళ్ళ పేర్లు సరిగ్గా పలుకుతూ వినిపిస్తే అమ్మమ్మలూ వింటారు, పిల్లలూ వింటారు. నా అనుభవంలో ఆవిష్కరణ సభకంటే ఇదే ఎక్కువమందికి చేరుతుంది. రెండోది, ఒడియాలోకి అనువాదం. రెండు భాషలూ ఇంట్లో నీళ్ళలా ప్రవహించే జిల్లాలు మనవి. మంచి అనువాదకులు మన వీధుల్లోనే ఉన్నారు. పుస్తకమంతా కాకపోయినా ఒక అధ్యాయం, ముప్పై రెండు పేజీల చిన్న పుస్తకంగా వేయండి. అనువాదకుడి పేరు లోపలెక్కడో కాకుండా ముఖచిత్రం మీదే వేయండి. బదులుగా మన ఊళ్ళ గురించి ఒడియాలో రాసిన ఒక రచయితను తెలుగులోకి తెచ్చుకుందాం. మీ సభకు ఆ రచయితను పిలిచి వేదిక మీద కూర్చోబెట్టండి. ఆయన ఒప్పుకోని విషయాలు ఆయన్నే చెప్పనివ్వండి.

కొన్ని పనులు త్వరగా చెప్పేస్తాను. సొంతంగా వేసుకున్నప్పుడు చట్టం దృష్టిలో ప్రచురణకర్తలం మనమే. 1954 నాటి చట్టం ప్రకారం పుస్తకం వెలువడిన ముప్పై రోజుల్లో కోల్‌కతా నేషనల్ లైబ్రరీకి, చెన్నై కన్నెమరా గ్రంథాలయానికి, ముంబై ఏషియాటిక్ సొసైటీ గ్రంథాలయానికి, ఢిల్లీ పబ్లిక్ లైబ్రరీకి తలా ఒక ప్రతి పంపాలి. దీన్ని శ్రమ అనుకోకండి. మన ఇళ్ళల్లో చెదలు పట్టినా ఆ నాలుగు చోట్ల పుస్తకం ఉంటుంది. పుస్తకాన్ని గుర్తించే ఐఎస్‌బీఎన్ నంబరు మన దేశంలో ఉచితంగా ఇస్తారు, దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే. ఎవరైనా మధ్యలో డబ్బు అడిగితే ఇవ్వకండి. 2024 డిసెంబరులో పోస్టాఫీసులో పుస్తకాలకున్న చౌక రిజిస్టర్డ్ సేవ ఆపేశాక అందరం ఇబ్బంది పడ్డాం. 2025 మే నుంచి పుస్తకాల కోసం జ్ఞాన్ పోస్ట్ అనే తపాలా సేవ వచ్చింది. 300 గ్రాముల వరకు 20 రూపాయలు, 5 కిలోల వరకు 100 రూపాయలు, పన్ను అదనం. అన్ని పుస్తకాలకూ వర్తించదు, షరతులు కౌంటర్లో అడిగి తెలుసుకోండి. కాని వర్తించినచోట అయిదారు పుస్తకాల కట్టను ఒక గ్రంథాలయానికి పంపడం మనకు అందే ఖర్చే.

డీటీపీ సంగతి మరవకండి. ఇప్పటికీ చాలా పుస్తకాలు "అను" అనే పాత పద్ధతి తెలుగు ఫాంట్లలో కంపోజ్ అవుతున్నాయి. ఆ ఫైలు అచ్చుకు పనికొస్తుంది కాని ఇంటర్నెట్‌లో వెతికితే ఒక్క అక్షరం దొరకదు. డీటీపీ చేసేవాళ్ళను అడిగి, ఏ కంప్యూటరైనా చదవగల యూనికోడ్‌లోకి మార్పించుకోండి, మార్చాక ఒత్తులు, పొల్లులు మళ్ళీ సరిచూడండి, తప్పకుండా దెబ్బతింటాయి. ఆ ఫైలు మీ దగ్గర పెట్టుకోండి. ప్రెస్సు మూతపడితే ఫైలు కూడా పోతుంది. మొదటి ముద్రణ అయిపోయి, మళ్ళీ వేసే ఉద్దేశం లేకపోతే ఆ పాఠాన్ని అందరికీ ఉచితంగా వదిలేయమని నా కోరిక. పీడీఎఫ్ తిరిగితే అమ్మకం పోతుందనే దిగులు నాకు అర్థమవుతుంది. అమ్మడానికి ప్రతే లేని పుస్తకం విషయంలో ఆ దిగులు దేనికి? పాతవి మళ్ళీ అచ్చు వేయాలనుకునేవాళ్ళకు ఒక సంగతి: రచయిత చనిపోయిన అరవై ఏళ్ళ తర్వాత ఆ రచన మీద కాపీరైటు ఉండదు. గిడుగువారు బతికుండగా అచ్చైన రచనలను ఇప్పుడు ఎవరైనా వేయవచ్చు. ఆయన సవర పుస్తకాలు ఆయన తిరిగిన సవర ఊళ్ళల్లోనే ఎంతమంది దగ్గర ఉన్నాయి? ఆ పని ఎవరైనా ఎత్తుకుంటే అచ్చు ఖర్చులో నా వంతు నేనిస్తాను.

ఇప్పుడు నా ప్రతిపాదన. ఏటా ఆగస్టు 29న గిడుగువారి పుట్టినరోజుకు మనం ఎక్కడో ఒకచోట సభ పెట్టుకుంటాం. ఈసారి పర్లాకిమిడిలో కలుద్దాం. శాలువాలు, ఉపన్యాసాలు వద్దు. ఒక్కొక్కరు తమ పుస్తకాలు రెండేసి ప్రతులు, తాము వాడుకున్న ఆధారాల జాబితా ఒకటి తీసుకురండి. జాబితా చేతిరాతలో ఉన్నా పరవాలేదు. ఒక ప్రతి పక్కవాళ్ళకు ఇచ్చి వాళ్ళది తీసుకోవాలి, చదివి తప్పులు గుర్తుపెట్టి నెలలో తిరిగి పంపాలి. రెండో ప్రతి ఈ ఊళ్ళో అందరూ వచ్చి చదువుకునేలా ఒకచోట పెడదాం. బీరువా నేను కొంటాను. ఆధారాల జాబితాలన్నీ కలిపి ఒకే ఫైలుగా టైపు చేయించి, మన నాలుగు జిల్లాల్లో చరిత్ర చదువుతున్న తెలుగు, ఒడియా విద్యార్థులకు పంపుదాం. ఒడియాలో రాసే మిత్రులను మీ వెంట తీసుకురండి. భోజనం ఏర్పాటు మా వీధివాళ్ళు చూసుకుంటామన్నారు. ఎంతమంది వస్తారో ఆగస్టు మొదటి వారంలోపు తెలియజేయండి.

ఇట్లు,
మీ తోటి రచయిత్రి,
పర్లాకిమిడి, గజపతి జిల్లా